అమ్మ ఇంకా వినలేదు

మా పిన్ని చనిపోయిన రోజు నేనూ అమ్మా బ్యాంకాక్ బజారులో ఏనుగు బొమ్మల ప్యాంట్లు వెతుకుతున్నాం. ఇలా రాస్తే వెటకారంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ జరిగింది అదే. మెత్తగా చెప్పడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

ఆ ప్రయాణం పూర్తిగా నా పంతం. కుందలహళ్ళిలో ఆఫీసు, బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దె ఇల్లు, రెండింటి మధ్యా ట్రాఫిక్, అదే నా బతుకు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. పెళ్ళైన కొత్తలో బెంగళూరు వచ్చిన మనిషి, ఇన్నేళ్ళలో తిరుపతి, మైసూరు, హిందూపురం తప్ప నాలుగో ఊరు ఎరగదు. హిందూపురం కూడా ఎందుకంటే అక్కడ పిన్ని ఉంది. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్ళిద్దరి తర్వాత పుట్టిన మామ కూడా అదే ఊళ్ళో ఉంటాడు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతివాళ్ళూ థాయిలాండ్ వెళ్ళొచ్చి లిఫ్టులో ఆ కబుర్లే చెబుతుంటే నాకు ఉక్రోషం వచ్చి, బెంగళూరు నుంచి బయలుదేరే ఒక ప్యాకేజీ టూరులో ఇద్దరికీ సీట్లు రాయించాను.

అమ్మ తన పాస్‌పోర్టు రాగానే ముందు చూపించింది పిన్నికే, వీడియో కాల్‌లో. "ఏమక్కా, ఫోటోలో దొంగ మాదిరి ఉండావు" అని పిన్ని పడీపడీ నవ్వింది. వాళ్ళకు పొద్దున కాఫీ ఫోన్‌తోనే. ఈ చివర అమ్మ గ్లాసు, ఆ చివర పిన్ని గ్లాసు. పక్కన కూర్చుని వింటే అందులో ఏమీ ఉండదు. చిక్కుడుకాయలు, మోకాలి నొప్పులు, పక్కింటి వాళ్ళ కుక్క. అదే మర్నాడు మళ్ళీ మొదటి నుంచి. మేం బయలుదేరే ముందు పిన్ని ఒకటే అడిగింది. "నాకొక ప్యాంటు తే అక్కా. ఏనుగు బొమ్మలుంటాయంట దాని మీద. మా బీది చివర డాక్టరమ్మ వేసుకోని మిద్దె మీద తిరుగుతాంటాది." అమ్మ నోరు తెరిచింది. పిన్ని ఇంట్లో నైటీ కూడా వేసుకునే మనిషి కాదు. "తలుపేసుకోని వేసుకుంటాలే. నీ మరిదికి కూడా చూపీను" అంది పిన్ని. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

మా టూరులో అది చివరి రోజు. మర్నాడు పొద్దున తిరుగు విమానం. హోటల్లో టిఫిన్ తింటుంటే మామ ఫోన్ చేశాడు.

"అమ్మ పక్కన ఉండాదా?" అన్నాడు ముందుగా.

"లేదు, పండ్లు తెచ్చుకుంటోంది."

"నువ్వు ఇంకా పక్కకు పో."

రొట్టెలు కాల్చే మిషను పక్కన నిలబడి విన్నాను. పిన్ని నిద్రలోనే పోయింది. బాబాయి కాఫీకి లేపితే లేవలేదు. నిన్న రాత్రి కూడా బాగానే ఉందట, వడియాల మీద కాకులు వాలుతున్నాయని విసుక్కుందట.

వచ్చేస్తామన్నాను. ఫోన్ పట్టుకునే ఇంకో చేత్తో విమానాలు వెతికాను. ఏది పట్టుకున్నా రాత్రికి గాని ఇల్లు చేరం. అక్కడ ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం దాటి ఇంట్లో ఉంచలేమన్నారు. "మీరెట్లా అందుకోలేరు. అక్కకు బీపీ. పరాయి దేశంలో ఏమన్నా అయితే ఒక్కదానివి ఏం చేస్తావు? దిగినాక నేనే చెప్తా. అంతవరకు నోరు తెరవద్దు" అన్నాడు మామ. ఏడుస్తూనే ఆజ్ఞలు వేశాడు. మా ఇంటి మగవాళ్ళకు దుఃఖం వస్తే ముందు చేసే పని అదే. నాకు ఒళ్ళు మండింది. కడసారి చూపు ఎలాగూ లేదు, ఏడ్చే హక్కు కూడా అమ్మకు లేదా అని గొంతు పెంచాను. "అయితే చెప్పు పో. నువ్వే చెప్పు" అన్నాడు.

చెబుదామనే బల్ల దగ్గరికి వెళ్ళాను. అమ్మ పళ్ళెం నిండా బొప్పాయి ముక్కలు పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగులోంచి చట్నీపొడి పొట్లం తీసి వాటి మీద చల్లుకుంటోంది. "ఎవరూ చూడలేదులే" అని నాకు కన్ను గీటింది. మా అమ్మ కన్ను గీటగా చూడటం నాకు అదే మొదలు. చెప్పలేకపోయాను. పొట్లం తీసుకుని మడత పెట్టి ఇచ్చాను.

అమ్మ ఫోన్‌కి నెట్ వచ్చేది నా ఫోన్ నుంచే. దాన్ని ఆపేశాను. లేకపోతే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే చేతులు, వాడిన పువ్వులు వరస కడతాయి, అమ్మ వాటిలోనే చూస్తుంది.

వ్యాను ఎక్కాక అమ్మ ఫోన్ పైకెత్తి చూసుకుంది. "మీ పిన్ని ఫోన్ ఎత్తదేమే?"

"నెట్ లేదమ్మా."

"నీదాంట్లోది ఇయ్యి."

"నాదీ అయిపోయింది."

"దుడ్డు కట్టినాం కదే ఐదు దినాలకు" అని గొణిగి, ఫోన్ బ్యాగులో పడేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంత తేలిగ్గా ఊరుకుందేమిటా అని నేను ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేను.

ఆ పొద్దు మొదట తీసుకెళ్ళింది పడుకుని ఉన్న పెద్ద బుద్ధుడి గుడికి. దారిలోనే గైడు ఇంగ్లీషులో వివరం చెప్పాడు. అది బుద్ధుడు ప్రాణం విడిచే సమయమట. "ఏమంటాడు?" అని అమ్మ నన్ను పొడిచింది. "నిద్రపోతున్నాడంటమ్మా" అన్నాను. "మన రంగనాథస్వామి మాదిరి" అని అమ్మ అక్కడే కళ్ళకద్దుకుంది.

మైల విషయంలో నాకూ అమ్మకూ ఎప్పుడూ యుద్ధమే. అమ్మ లెక్క ప్రకారం చావు మైల చావుతో రాదు, కబురుతో వస్తుంది. వినేదాకా మనిషికి అంటదు, విన్న క్షణం కట్టుబట్టల మీదే తల మీద నీళ్ళు పోసుకోవాలి. ఒకసారి వరలక్ష్మీ వ్రతం రోజు ఊరి నుంచి ఎవరిదో కబురు వస్తే, పూజ అయ్యేదాకా నాకేమీ చెప్పొద్దని రెండు చెవులూ మూసుకుని పీట మీద కూర్చుంది. నేను ఆ రోజంతా ఆటపట్టించాను. చెవులకు అంటుకునే మైల దూదితో పోతుందా అని అడిగాను కూడా. నేను ఇవేవీ నమ్మను. ఆఫీసులో ఎవరైనా రాహుకాలం అంటే కావాలని అప్పుడే మీటింగ్ పెడతాను.

అలాంటిదాన్ని ఆ గుడి మెట్ల దగ్గర ఆగిపోయాను. విన్నది నేను. అసలు పిన్ని పోతే నాకు మైల ఉంటుందో లేదో కూడా తెలియదు. అయినా చెప్పులు విప్పబోయి మళ్ళీ వేసుకున్నాను.

"రావా?" అంది అమ్మ, చేతిలో తామర మొగ్గ పట్టుకుని.

"నాకు కుదరదమ్మా. నువ్వెళ్ళు."

అమ్మ నా ముఖంలోకి చూసి, సరేనని వ్యానులో వాళ్ళతో లోపలికి వెళ్ళింది. నేను బయట ఎండలో గోడకు ఆనుకుని ఏడ్చాను. ఫోటోలు తీసుకునే జనం నన్ను తప్పుకుని పోయారు. చిన్నప్పుడు సెలవుల్లో పిన్ని నాకు రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టి, బెంగళూరు పిల్లకు తల దువ్వుకోవడం కూడా రాదని ఊరందరికీ చెప్పేది. అదే గుర్తొస్తూ ఉండింది. గొప్పవేవీ గుర్తు రాలేదు. అమ్మ బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. "శానా పొడుగుండాడు స్వామి. పాదాలు చూసేకే కాలు నొచ్చె" అంది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ ఊరి తీపి ఒకటి పెట్టారు. జిగురన్నం, పక్కన మామిడిపండు ముక్కలు, పైన కొబ్బరిపాలు. "అన్నంలో మామిడిపండా, ఖర్మ!" అని మొదలుపెట్టిన అమ్మ పళ్ళెం ఖాళీ చేసింది. "దానికి చెప్పాల, చేసుకోమని. కొబ్బరిపాలంటే ప్రాణం దానికి" అంది. నేను పళ్ళెంలోకే చూస్తూ కూర్చున్నాను.

"నువ్వేమే తినల్యా?"

"కడుపు బాగాలేదు."

"నీళ్ళు కూడానా?"

నిజమే, పొద్దున మామ ఫోన్ వచ్చినప్పటి నుంచి నేను నీళ్ళు కూడా ముట్టలేదు. కావాలని చేసింది కాదు. శవం లేచేదాకా ఇంట్లో ఎవరూ నోట్లో ఏమీ వేసుకోరు, మా ఇళ్ళలో అంతే. నాన్నప్పుడు దాని మీద కూడా నేను గొడవ పడ్డాను. నేను నమ్మకపోయినా నా గొంతు నమ్మినట్టుంది, దిగనివ్వలేదు. అమ్మ మరి అడగలేదు. తన గ్లాసులో నీళ్ళు కూడా సగమే తాగి పెట్టేసింది.

తర్వాత బజారు. రేకుల కప్పు కింద సందులు, సందుల్లో సందులు, కాలు పెట్టడానికి చోటు లేని జనం. మామూలుగా అయితే అమ్మకు అది స్వర్గం. చిక్కపేటలో అంగళ్ళ వాళ్ళు మా అమ్మను చూస్తే ధర ముందే తగ్గించి చెబుతారు. ఆమె పద్ధతి ఒకటుంది. కావలసింది ముట్టుకోదు. పక్కదాన్ని పట్టుకుని దానికి వంకలు పెట్టి, లేచి నాలుగడుగులు వేసి, వెనక నుంచి పిలుపు రాగానే కావలసిన దాని మీద చెయ్యి వేస్తుంది. భాషతో పని లేదు. "ఏమమ్మా, ఇంత చెప్తే ఎట్లా? మేము ఊరికే వచ్చినామా? చాల్లే, ఇంకొంచెం దిగు" అని అచ్చ తెలుగులో అంటుంటే, ఆ థాయి అంగడావిడ క్యాలిక్యులేటర్ చూపిస్తూ తన భాషలో ఏదో బతిమాలింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైంది.

కానీ ఆ రోజు అమ్మ ఇంకొకటి కూడా చేసింది. ఏ వస్తువు తీసుకున్నా నా ముఖం ముందు పెట్టి అడిగింది.

"ఇది మీ మామకు. ఎట్లుండాది?" నొప్పులకు రాసుకునే తైలం సీసా అది.

"బాగుంది."

"ఇది మీ అత్తకు." పూసల పర్సు.

"బాగుందమ్మా."

"ఈ టోపీ మీ బాబాయికి. పొలానికి పోయేటప్పుడు పెట్టుకుంటాడు."

"బాగుంది" అన్నాను. టోపీ వైపు చూడకుండానే. నా సలహా అడుగుతోందనుకున్నాను. ఎప్పుడూ లేనిది ఇవాళ నా మాటకు విలువ వచ్చిందే అని కూడా అనుకున్నాను. అంత మొద్దును.

ఏనుగుల ప్యాంట్లు కుప్పగా పోసిన చోట అమ్మ ఆగింది. వెతికి వెతికి ఒకటి లాగింది. దాన్ని నా నడుము మీద పెట్టి కొలుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఇది పిన్నికి. సరిపోతాదా?"

సరిపోతుందని చెప్పాలి. ఒక్క మాట. నోరు తెరిచాను, మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. అప్పుడు అమ్మ తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత ప్యాంటు మడత పెట్టుకుని, అంగడావిడ క్యాలిక్యులేటర్‌లో నొక్కి చూపించినంతా పర్సులోంచి తీసి ఇచ్చేసింది. మారు మాట్లాడలేదు. బేరానికి సిద్ధపడి ఉన్న ఆవిడే తెల్లబోయి, డబ్బు తీసుకోవాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. నాకు బుద్ధి తెలిశాక మా అమ్మ అడిగిన ధర ఇచ్చి కొన్నది ఆ ఒక్క ప్యాంటే.

అయినా నాకు అర్థం కాలేదు. అలిసిపోయిందనుకుని, సందు చివర కొబ్బరి బోండాల బండి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. అంతలో మామ మెసేజ్. అయిపోయింది, ఇప్పుడే ఇల్లు చేరినాం అని. చదవగానే నాకు ఎక్కడలేని దాహం వేసింది. బోండాం కొట్టించుకుని గుక్క తిప్పుకోకుండా తాగాను. గడ్డం మీదుగా కారిపోతున్నా ఆగలేదు. ఖాళీ బోండాం కింద పెడుతుంటే అమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఎత్తేసినారా?"

బండివాడు కత్తితో ఇంకో బోండాం నరుకుతున్నాడు. నేను ఆ కత్తి వైపే చూశాను.

"గుడి బయటే నిలబడితివి. పోయిన వారమే బయట చేరితివి కదే, ఒక ఇంట్లో ఉంటా నాకు తెల్దా? పొద్దన్నుంచి పచ్చి గంగ ముట్టల్యా. ఇప్పుడు తాగినావు." అమ్మ గొంతులో ఏ వణుకూ లేదు. "ఎవురో తెలీక, ఒక్కొక్కరి పేరు చెప్పి నీ మొగం చూస్తిని."

"అమ్మా" అన్నాను.

"చెప్పద్దు!" గట్టిగా అంది. బండివాడు కూడా ఆగాడు. "పేరు నీ నోట్లోంచి రాకూడదు. నేను వినల్యా. ఊరు చేరేదాకా నేను వినల్యా."

"అమ్మా, ఇక్కడే ఏడువు. నీకు ఏమన్నా అవుతుంది. నేనున్నా కదా."

"ఈడ వింటే ఈడ ఏడ్చాల. ఎవరికి చెప్పుకోని ఏడ్చేది? ఆ వ్యానులో వాళ్ళకా? దాని మొగం చూసినోళ్ళు ఒకరన్నా ఉండారా ఈ ఊళ్ళో?" నా చెయ్యి పట్టుకుంది. "నువ్వొక్కదానివే పొద్దన్నుంచి మోస్తివి. ఇంకొంచెం మొయ్యి తల్లీ. దింపద్దు."

నాకు మొదట కోపమే వచ్చింది. నేను లెక్కలోకి రానా అనిపించింది. తర్వాత తెలిసింది, పేరు పలకనంత సేపూ అక్కడ పిన్ని కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చునే ఉంటుంది. ఆ కాస్త సమయాన్ని అమ్మ నా దగ్గర అడుక్కుంటోంది. మా అమ్మ నన్ను ఏదైనా అడుక్కోవడం నేను భరించలేకపోయాను.

ఆ సాయంత్రం హోటల్లో మా వ్యాను వాళ్ళందరికీ అమ్మ తను కొన్నవి చూపించింది. మారతహళ్ళి నుంచి వచ్చిన ఒకావిడ ప్యాంటు చూసి, "ఇది మీకా ఆంటీ?" అని నవ్వితే, "మా చెల్లెలికి. దానికి షోకు జాస్తి" అని తనూ నవ్వింది. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. మర్నాడు విమానంలో వాళ్ళు పెట్టిన ప్రతిదీ అమ్మ తిన్నది. కిటికీ పక్కన కూర్చుని మబ్బులు చూసింది. నేను పక్కన కూర్చుని, దిగకపోతే బాగుండునని దేవుణ్ణి నమ్మనిదాన్ని మొక్కుకున్నాను.

దిగాం. బెంగళూరు ఎయిర్‌పోర్టు బయట, క్యాబుల వరస దగ్గర, అమ్మ సామాను బండి ఆపి ఒక స్తంభం పక్కన నిలబడింది. కొంగు బిగించుకుంది.

"ఇప్పుడు చెప్పు."

రోజంతా మోసిన మాట, తీరా చెప్పబోతే ఎలా చెప్పాలో తెలియలేదు. "పిన్ని లేదమ్మా. నిన్న తెల్లవారి నిద్రలోనే" అన్నాను.

తెలిసిన కబురే. అయినా విన్నప్పుడు ముఖం వేరుగా ఉంటుందని నేను అప్పుడు చూశాను. కింది పెదవి ఒక్కసారిగా జారిపోయింది. బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, నిలబడిన చోటే తల మీద పోసుకుంది. చీర తడిసి, నీళ్ళు నేల మీదికి పారాయి. సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చి, "ఏనాయ్తమ్మా?" అన్నాడు. "నన్న తంగి హోగ్బిట్టళప్పా" అంది అమ్మ అతనితో. చెల్లెలు పోయిందని తన నోటితో మొదట చెప్పింది ముక్కూ ముఖం తెలియని ఆ మనిషికే, కన్నడంలో. అతను టోపీ తీసేసి, ఏం చెయ్యాలో తెలియక సామాను బండి పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మ ఇంకా ఏడవలేదు. నీళ్ళు కారుతున్న ముఖంతోనే నన్ను అడిగింది. "పుట్టింటి చీర ఎవురు పెట్టినారు?"

ముత్తైదువగా పోయిన ఆడదాన్ని పుట్టింటి వాళ్ళు తెచ్చిన చీర కట్టి పంపించాలి. అమ్మమ్మ లేదు కాబట్టి అది అమ్మ చేతి మీదుగా జరగాలి.

"మామ తెచ్చి ఉంటాడమ్మా."

"ఏం రంగు?"

నాకు తెలియదు. అడగాలని తట్టనే లేదు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని మామకు కలిపింది. అటు నుంచి మామ "అక్కా" అని బావురుమన్నాడు. అమ్మ ఆ ఏడుపు పట్టించుకోలేదు.

"ఏం చీర పెట్టినావురా?"

"పట్టుదే అక్కా. పొద్దున్నే అంగడి తెరిపించి మంచిదే తెచ్చినా. ఆకుపచ్చది, జరీ అంచు."

అమ్మ స్తంభానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"దానికి ఆకుపచ్చ గిట్టదు కదరా" అంది. "చిన్నప్పటి నుంచి గిట్టదు. పండగకు తెచ్చిన లంగా కూడా ఆకుపచ్చని విప్పి పారేసింది కదరా. ఒక్క మాట నన్ను అడిగింటే చెప్పిందును కదరా. ఆడి నుంచే చెప్పిందును కదరా."

అప్పుడు ఏడ్చింది.